ఉద్యోగుల గుర్తింపుకు సంస్థలు వాడే బయోమెట్రిక్ యంత్రాలను ఎంతవరకు నమ్మవచ్చు?

ఒక సంస్థ పరిపాలనా విభాగంలో హాజరు యంత్రాల బాధ్యత కొంతకాలం చూశాను కాబట్టి ఈ ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: యంత్రాన్ని నమ్మవచ్చు గాని, దాన్ని నమ్మి జీతాలు కోసేవారిని నమ్మకూడదు.

వేలి గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ చీలాయో నమోదు రోజున లెక్కగట్టి దాచుకున్న టెంప్లేటుకూ, ఈ రోజు పెట్టిన వేలికీ పోలిక ఎంతో యంత్రం ఒక అంకెగా తేలుస్తుంది. ఆ అంకె ఎంత దాటితే తలుపు తెరవాలన్నది మనుషులు పెట్టిన హద్దు. హద్దు పెంచితే అసలు మనిషినే తిప్పి పంపుతుంది, తగ్గిస్తే పరాయివాడిని రానిస్తుంది.

మా దగ్గర ఆ హద్దుకు బలైనది పారిశుధ్య పని చేసే ఒక పెద్దావిడ. ఏళ్ల తరబడి రసాయనాలతో నేలలు కడిగిన చేతులు కావడంతో వేలి గీతలు దాదాపు అరిగిపోయాయి. ఆవిడ వేలు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెడుతుంటే వెనుక వరుసలో ఉన్నవారు విసుక్కునేవారు. చివరికి పనికి ఆలస్యమవుతుందని ముద్ర పడకుండానే లోపలికి వెళ్లిపోయేది. నెలాఖరున ఆ రోజులన్నీ గైర్హాజరుగా లెక్కకట్టి జీతం కోశారు. గేటు దగ్గరి కెమెరాలో ఆవిడ వచ్చిన దృశ్యాలు ఉన్నాయని నేను చూపించినా, జీతాల విభాగం అధికారి "సిస్టంలో లేదండీ, నేనేం చేయను?" అన్నారు. "నేను వచ్చానో లేదో ఆ డబ్బాని కాదు బాబూ, నన్ను చూసినవాళ్లని అడగండి" అని ఆవిడ అన్న మాటకు ఆ గదిలో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. యంత్రం అమ్మిన సంస్థ సాంకేతిక నిపుణుడైతే చేతులకు క్రీము రాసుకోమని సలహా ఇచ్చి వెళ్లాడు. అమ్మకం అయ్యాక వీరి శ్రద్ధ ఎప్పుడూ ఇంతే.

చివరకు తక్కువ అరిగిన వేరే రెండు వేళ్లను నమోదు చేయించి, ముందుగా ఉద్యోగి సంఖ్య నొక్కే పద్ధతి పెట్టాం. అప్పుడు యంత్రం అందరి ముద్రల్లో వెతకకుండా ఆవిడ ముద్రతో మాత్రమే పోల్చుతుంది కాబట్టి, హద్దు కొంత సడలించినా ఒకరికి బదులు మరొకరి హాజరు పడే ప్రమాదం తక్కువ. అప్పటికీ కుదరని రోజున సూపర్‌వైజరు సంతకంతో రిజిస్టరు. సంతకాన్ని ఫోర్జరీ చేయవచ్చు కదా అని అదే అధికారి అభ్యంతరపెట్టారు.

వేలిముద్రకు ఆ బెడద లేదనుకోవడం వారి అమాయకత్వం. జపాన్‌కు చెందిన త్సుతోము మత్సుమోతో బృందం 2002లోనే జెలటిన్‌తో చేసిన కృత్రిమ వేళ్లతో అనేక సెన్సర్లను బోల్తా కొట్టించి చూపింది. వేలు ప్రాణమున్న మనిషిదేనా అని పరీక్షించే సెన్సర్లు ఇప్పుడు వస్తున్నాయి గాని, హాజరు కోసం చవకలో కొనే యంత్రాల్లో అంతటి పరీక్షను ఆశించలేం.

నన్ను ఇంతకంటే కలవరపెట్టేది ముద్రలు దాచే తీరు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి దాదాపు 56 లక్షల మంది వేలిముద్రలు చోరీ అయినట్టు తేలింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలిని మార్చుకోలేం. అందుకే టెంప్లేటును ఉద్యోగి కార్డులోనో ఫోనులోనో ఉంచి అక్కడే పోల్చే పద్ధతి మేలు. సర్వర్ గది వంటి చోట కార్డుతో పాటు వేలిముద్ర కూడా అడగడం సబబే. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో తెలుసుకోవడానికి అందరి ముద్రలూ ఒకే కంప్యూటరులో పోగేయడం మాత్రం అనవసరమని నా దృఢమైన అభిప్రాయం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లో చేసిన చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలు ముద్ర తీసుకునే ముందు రాతపూర్వక అంగీకారం పొందాలి, అవసరం తీరాక దాన్ని నాశనం చేయాలి. మీ సంస్థ ముద్ర అడిగితే, ఉద్యోగం మానేశాక దాన్ని ఎవరు, ఎప్పటిలోగా చెరిపేస్తారో కాగితం మీద రాసి ఇమ్మనండి. మేము అడిగినప్పుడు, యంత్రం అమ్మిన సంస్థ దగ్గర దానికి సమాధానమే లేదు.