అచ్చు వేస్తే కలంకారీ అవుతుందా?

సందేహం: నేను వస్త్రాల చరిత్ర చదువుతున్నాను. నా వ్యాసంలో ‘పెడన అచ్చు కలంకారీ’ అని రాస్తే, ‘కలం లేకుండా కలంకారీ ఏమిటి? అద్దకం అని రాయి’ అంటూ మా మేడమ్ కొట్టేశారు. ఏది ఒప్పు? పూల బట్టను మా అమ్మమ్మ ‘చీటీగుడ్డ’ అంటుంది. అది ఇంగ్లీషు ‘చింట్జ్’ నుంచి వచ్చిందా? – ఒక విద్యార్థిని

సమాధానం: మీ మేడమ్ చెప్పిన వ్యుత్పత్తి సరైనదే. ఫారసీలో కలం అంటే మన కలమే, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దాన్ని రంగులో ముంచి బొమ్మ గీస్తారు కాబట్టి అక్కడ పేరు అక్షరాలా సరిపోతుంది. మచిలీపట్నం దగ్గరి పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు, కలం ఊసే ఉండదు.

అయితే పుట్టుక చూసి మాటను కట్టేయలేం. నువ్వుల నెయ్యి కాబట్టి నూనె అయింది. మరి కొబ్బరినూనెలో నువ్వులెక్కడున్నాయి? కిరసనూనెలో? అంతెందుకు, ఆ ఫారసీ మాట పుట్టిన ఇరాన్‌లోనే, ఇస్ఫహాన్ బజారులో ‘కలంకార్’ పేరుతో నేటికీ అమ్ముడయ్యే బట్టలు చెక్క అచ్చులతో వేసినవే. గోల్కొండ సుల్తానుల కాలంలో మన తీరం నుంచి ఆ దేశానికి బట్టలు ఓడలకెక్కిన రేవు మచిలీపట్నం. ఆ ఊరిని మనం పిలుచుకునే ‘బందరు’ కూడా ఫారసీ మాటే, రేవు అని అర్థం. కాబట్టి ‘అచ్చు కలంకారీ’ తప్పు కాదు. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఆ పేరుతోనే ఉంది.

నాకు బెంగ వేరే. ఈ రెండు పనులకూ తెలుగులో రెండు మాటలున్నాయి. గీసేదాన్ని శ్రీకాళహస్తి పాతవాళ్లు వ్రాతపని అనేవారు, అచ్చు వేసేది అద్దకం. ఫారసీ మాట వచ్చి రెండింటినీ ఒకే మూటలో కట్టేసింది. పైగా అద్దకం ఎంత కుదిరిన మాటో చూడండి. బొట్టు అద్దుతాం, అంటే తాకించి నొక్కడం. ఇడ్లీ ముక్కను చట్నీలో అద్దుతాం, అంటే ముంచడం. పెడన పనిలో ఈ రెండూ ఉన్నాయి. కరక్కాయ నీటిలో తడిపి ఆరేసిన గుడ్డ మీద ముందు అచ్చులు నొక్కుతారు. నలుపు కోసం తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన నీరు, ఎరుపు కావలసిన చోట పటిక. తర్వాత గుడ్డను రంగునీటిలో మరిగిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేళ్లది. కాబట్టి ‘అద్దకం’ రాయమన్న సలహా మంచిదే, కానీ ‘కలంకారీ’ని కొట్టేయనక్కర లేదు. నాకైతే ‘పెడన అద్దకపు కలంకారీ’ నచ్చుతుంది. మిల్లులో యంత్రం మీద తీసిన బట్టకు ఈ పేరు తగిలించడమే అసలు తప్పు. దాన్ని ‘కలంకారీ డిజైను’ అనండి, చాలు.

అన్నట్టు, కొన్ని దుకాణాల బోర్డుల మీద ‘కళంకారీ’ అని కనిపిస్తోంది. కళ కదా అని ళ పెట్టారేమో, చదివితే కళంకం గుర్తొస్తోంది!

ఇక చీటీగుడ్డ. మీరు అనుకున్నది తలకిందులు. హిందీలో ‘ఛీంట్’ అంటే చుక్కలూ పూలూ అద్దిన బట్ట. చీటీ ఆ ఇంటి మాటే. ఇంగ్లీషు వర్తకులు 1611లో బందరులో కోఠీ (వర్తక స్థావరం) పెట్టుకున్నారు. వాళ్ల నోట అదే మాట బహువచనమై ‘చింట్స్’, ఆపైన ‘చింట్జ్’ అయింది. ఆ బట్ట మీద ఐరోపావాళ్ల మోజు ఎంతంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపింది. అదీ చాలక, అద్దకపు నూలుబట్ట కట్టుకోవడమే కూడదని 1721లో మరో చట్టం చేసింది, 1774 దాకా దాన్ని ఎత్తెయ్యలేదు. తర్వాత మిల్లుల్లో చవక నకళ్లు గుట్టలుగా తయారయ్యాక, 19వ శతాబ్దంలో అక్కడ ‘చింట్జీ’ అంటే నాసిరకం అనే అర్థం వచ్చింది. మన దగ్గరా అంతే. చీటీగుడ్డ అంటే ఇప్పుడు పట్టుచీర పక్కన పెట్టలేని చవక పూల బట్ట. మీ అమ్మమ్మ ఆ మాటను ఏ బట్టకు వాడుతుందో, ఏ బట్టకు వాడదో అడిగి రాసుకోండి. మీ వ్యాసానికి పనికొస్తుంది.