రోబో కన్సోల్ ఎక్కడికీ పోదు, ముందు చెయ్యి తిరగనివ్వండి

"మా అబ్బాయి గుంటూరులో ఎమ్మెస్ జనరల్ సర్జరీ రెండో ఏడు. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్లన్నీ ఇక రోబోతోనే అంటున్నారు. బంధువులబ్బాయి ఆ కోర్సు చేశాడు, మావాడికి ఫోన్ చేసి అదే అడుగుతున్నాను. తెనాలి దగ్గరున్న అరెకరం అమ్మి రోబోటిక్ కోర్సులో చేర్పించమంటారా, ల్యాప్ (ల్యాపరోస్కోపీ, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) వస్తే చాలా?" అని విజయవాడ పటమట నుంచి ఒక తండ్రి అడిగారు.

పొలం జోలికి వెళ్లకండి. మీవాడు వెనకబడిపోతాడన్నది మీ భయం. ఇంకో ఏడాదిన్నర ఎమ్మెస్, ఆపైన మూడేళ్ల ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ చదువు) ఉన్నాయి. ఈలోగా యంత్రాలే మారతాయి, మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర అనే సర్జరీ రోబో ఇప్పటికే వచ్చేసింది.

ల్యాప్, రోబో రెండు పద్ధతుల్లోనూ ఆపరేషన్ ఒకటే. రక్తనాళాన్ని దాని మొదలు దగ్గర కట్టేసి, గడ్డ ఉన్న పేగును కనీసం 12 లింఫ్ గ్రంథులతో సహా తీసి, కొసలు కలుపుతారు. ముక్కను బయటికి తీసే కోత రెండింట్లోనూ తప్పదు. రోబోను సర్జన్ కన్సోల్ దగ్గర కూర్చుని నడుపుతాడు. దాని పరికరం కొస మణికట్టులా తిరుగుతుంది కాబట్టి కటిలోని ఇరుకులో, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) దగ్గర, అది నిజంగా సాయపడుతుంది. అయినా ఈ రెండు పద్ధతులనూ పోల్చి, 2017లో ఫలితాలొచ్చిన రోలార్ ట్రయల్‌లో, 471 మంది రెక్టమ్ క్యాన్సర్ రోగుల్లో, మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది ల్యాప్‌లో 12.2 శాతం, రోబోలో 8.1 శాతం. గణాంకాల లెక్కలో ఆ తేడా నిలవలేదు. ఖర్చు మాత్రం రోబోకే ఎక్కువ.

నా అనుమానమంతా సర్టిఫికెట్ కోర్సుల మీదే. నాలుగు రోజులు సిమ్యులేటర్ మీద కూర్చుని వచ్చి, రోబో లేని ఆసుపత్రిలో చేరితే నేర్చింది నిలవదు. పైగా చాలా మోడళ్లలో చేతికి స్పర్శ తెలియదు. దారం ఎంత బిగుస్తోందో కంటితోనే అంచనా కట్టాలి, కొత్తవాళ్లు తెంపేస్తారు. రక్తం చిమ్మితే పరికరాలు తీసి, రోబో చేతులను పోర్టుల (పొట్టలో పెట్టిన గొట్టాల) నుంచి విడదీసి, రోబో బండిని జరిపాకే పొట్ట తెరవగలరు. ఆ నిమిషాల్లో రోగిని కాపాడేది ఓపెన్ సర్జరీలో తిరిగిన చెయ్యే.

బంధువులబ్బాయి చేశాడని మీవాణ్ని తొందరపెట్టడం ఏం న్యాయమండీ? నైట్ డ్యూటీ దిగిన పిల్లాడికి ఫోన్ చేసి రోబో సంగతి అడగడం మానేయండి. వాడు ఇప్పుడు 30 డిగ్రీలు వాలుగా చూసే కెమెరాను ఒరగకుండా పట్టుకోవడం నేర్వాలి. ల్యాప్‌లో చెయ్యి ఎడమకు కదిలితే కొస కుడికి పోతుంది. బాక్స్ ట్రైనర్‌లో (ల్యాప్ సాధన చేసే పెట్టెలో) రోజూ అరగంట సూది తిప్పితే తప్ప అది అలవాటు కాదు.

ఎంసీహెచ్ సీటు ఎంచుకునేటప్పుడు, అక్కడ విద్యార్థి చేత స్వయంగా ఎన్ని కోలెక్టమీలు (పెద్దపేగు తీసే ఆపరేషన్లు) చేయిస్తారో సీనియర్లను అడగమనండి. రోబో కోర్సు మాట చివరి ఏడాదిలో చూద్దాం. అప్పుడైనా, నిజమైన కేసుల్లో మీవాణ్ని కన్సోల్ మీద ఎన్నిసార్లు కూర్చోబెడతారో రాసిమ్మనండి. రాసివ్వకపోతే ఫీజు కట్టకండి.