అమెరికా దక్షిణాది పల్లె భోజనం తెలుగువాళ్లకు రుచిస్తుందా?

నిస్సందేహంగా రుచిస్తుంది. నేను చాలా ఏళ్లుగా జార్జియాలో ఉంటున్నాను. ఈ దేశంలో మన భోజనానికి దగ్గరి చుట్టం ఏదైనా ఉందంటే అది ఇదే. అయితే దాన్ని తినాల్సింది పేటల్లో ఉండే "మీట్ అండ్ త్రీ" హోటళ్లలో. ఒక మాంసం, మూడు కూరలు, ఒక కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) ముక్క. ఆ రోజు ఏం వండారో పలక మీద రాసి పెడతారు. మాకరోనీ చీజ్‌ను కూడా కూరల్లోనే లెక్కేస్తారు, అదేం లెక్కో!

మా నాన్నగారు ప్రకాశం జిల్లా రైతు. ఇక్కడికి వచ్చిన కొత్తలో బయటి తిండి అంటేనే ముఖం చిట్లించేవారు. ఒక ఆదివారం మేకన్ వైపు వెళ్తూ ఆయన్ని అలాంటి ఒక చిన్న హోటల్‌కు తీసుకెళ్లాను. చర్చి నుంచి నేరుగా వచ్చిన కుటుంబాలతో అది కిటకిటలాడుతోంది. అద్దాల వెనక, మొక్కజొన్న పిండి అద్ది కరకరలాడేలా వేయించిన బెండకాయ చక్రాలు కనిపించగానే నాన్నగారు ఆగిపోయారు. పక్కనే ఉడికించిన గింజలు. "ఇవి మన అలసందలే కదరా!" అన్నారు. వడ్డించే పెద్దావిడ అడగకుండానే ఇంకో గరిటె వేసింది.

అసలు రుచి కొల్లార్డ్ ఆకుకూరలో ఉంది. పొగ పట్టించిన టర్కీ కోడి ముక్కలతో గంటల తరబడి ఉడికిస్తారు. ప్రతి బల్ల మీదా మిరపకాయలు నానిన వెనిగర్ సీసా ఉంటుంది. నాన్నగారు అది ధారాళంగా చల్లుకుని, కార్న్‌బ్రెడ్‌ను ఆకు ఉడికిన రసంలో చిదిమి, చేత్తో కలిపి తిన్నారు. వడ్డించే ఆవిడ చూసి, వాళ్ల అమ్మమ్మ కూడా అలాగే తినేదని చెప్పి, ఇంకో గిన్నెడు రసం తెచ్చి పెట్టింది.

ఈ పోలిక ఊరికే వచ్చింది కాదు. అలసందల పుట్టిల్లు ఆఫ్రికా. అవీ, బెండకాయా బానిస వ్యాపారం రోజుల్లో అక్కడి నుంచే అమెరికా చేరాయి. ఈ వంటకు ఇంత రుచి తెచ్చింది నల్లజాతి వంటవాళ్ల చేతులే. అట్లాంటాలో 1947లో లూసీ జాక్సన్ పెట్టిన బిజీ బీ కేఫ్ ఇప్పటికీ నడుస్తోంది. అదే ఏడు అక్కడే మొదలైన పాస్కల్స్ హోటల్లో మార్టిన్ లూథర్ కింగ్, ఆయన సహచరులు భోజనం చేస్తూనే నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమ వ్యూహాలు రచించారు. ఇంత చరిత్ర పక్కనే ఉండగా, మనవాళ్లు వారాంతం రాగానే చల్లారిన బిర్యానీ బఫే ముందు బారులు తీరడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఆకుకూరలోనూ అలసందల్లోనూ పంది మాంసం వేయడం మామూలే, కొన్నిచోట్ల కార్న్‌బ్రెడ్‌లో పంది కొవ్వు కూడా పడుతుంది. మొహమాటపడకుండా అడగండి, చెబుతారు. స్వీట్ టీ మాత్రం వద్దు, అది పానకం కన్నా తియ్యన. జనవరి 1న వెళ్తే అలసందలు, ఆకుకూర తప్పకుండా ఉంటాయి. గింజలు నాణేలు, ఆకులు నోట్లు, ఏడాదంతా డబ్బుకు లోటుండదని వాళ్ల నమ్మకం. ఆదివారమైతే చర్చి వదలకముందే చేరుకోండి, ఆలస్యమైతే పీచ్ పండ్లతో చేసే తీపి వంటకం, పీచ్ కాబ్లర్, మిగలదు.