లాగిన్‌లో ఉన్న ‘లాగ్’ చెక్క దుంగే

‘లాగ్ ఇన్ అనే ఫ్రేజల్ వెర్బ్‌కి అర్థం ఏమిటి, అది ఎలా పుట్టింది?’ అని అడిగారు. క్రియకి ఇన్, అప్ లాంటి చిన్న మాట తోడై కొత్త అర్థం వస్తే అదే ఫ్రేజల్ వెర్బ్. లాగ్ ఇన్ అర్థం కొత్తగా చెప్పక్కర్లేదు, రోజూ ఆఫీసుకి రాగానే మనం చేసే మొదటి పనే అది. పుట్టుక సంగతి మాత్రం నేను చెప్పాల్సిందే.

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో ఒకమ్మాయి క్లాసులో ఇదే అడిగింది. ‘లాగ్ అంటే దుంగ కదా సార్, దుంగకీ కంప్యూటర్‌కీ ఏంటి సంబంధం?’ ‘ఇంటర్వ్యూలో అడగరమ్మా, ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు బట్టీ పట్టు’ అని సార్ కూర్చోబెట్టేశారు. అంతంత ఫీజులు తీసుకుని చేతిలో జిరాక్స్ కాగితాలు పెట్టడమే అన్యాయం. అడిగిన పిల్ల నోరు మూయించడం ఇంకా అన్యాయం.

ఎస్సార్‌నగర్‌లో మా హాస్టల్ ఓనర్ గారి బావమరిది విశాఖలో నేవీ చేసి రిటైరయ్యారు. రాత్రి డాబా మీద ఈ మాట ఎత్తగానే ఆయన బట్టలారేసే తాడు విప్పేశారు. కొసకి చెక్కముక్క కట్టి, వరసగా ముళ్లు వేసి, చెక్కని నా చేతికిచ్చారు. ‘నువ్వు ఓడవి బాబూ, తాడు వదులుతూ నడువు’ అని నా రూమ్మేట్‌తో అన్నారు. సముద్రంలోకి విసిరిన చెక్క దాదాపు పడ్డచోటే ఉంటుంది. ఓడ ముందుకెళ్తుంటే తాడు జారుతుంది. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముళ్లు జారితే వేగం అన్ని నాట్లు, ఇంగ్లిష్‌లో నాట్ అంటే ముడే. గడియారం 28 సెకన్లదైతే ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు ఉండాలి. డాబా మీద అంత చోటెక్కడిది, ఆయన దగ్గరదగ్గరగానే వేశారు. ఇప్పటికీ ఓడల వేగం నాట్లలోనే చెబుతారు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు.

ఆ చెక్క పేరే లాగ్. దాంతో కొలిచిన వేగాన్ని రాసుకునే పుస్తకం లాగ్ బుక్. తర్వాత గాలి, దారి, ఓడలో జరిగిన ప్రతిదీ అందులోకే ఎక్కింది. అలా నమోదు చేయడానికే లాగ్ అనే మాట స్థిరపడిపోయింది.

1960ల మొదట్లో ఒకే పెద్ద కంప్యూటర్‌ని చాలామంది పంచుకుని వాడే పద్ధతి వచ్చింది. ఆ మెషిన్ సమయం చాలా ఖరీదు, ఎవరు ఎంతసేపు వాడారో లెక్క ఉండాలి. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 1961లో తొలిసారి చూపించిన సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ అలాంటిదే. దాన్ని వాడాలంటే లాగిన్ అనే కమాండ్ కొట్టాలి. అంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు రాసి లోపలికి వెళ్లినట్టు. వచ్చినప్పుడు ఇన్, వెళ్లేటప్పుడు అవుట్.

ఇలా కథ తెలిసిన మాటని ఎవరూ మర్చిపోరు. ఫోన్ పెట్టేయడాన్ని హ్యాంగ్ అప్ అంటారు, హ్యాంగ్ అంటే తగిలించడం. పాత గోడ ఫోన్లలో రిసీవర్‌ని కొక్కేనికి తగిలిస్తేనే కాల్ కట్ అయ్యేది. ఇలా చెబితే లిస్టు ఎందుకు?

ఇంకో మాట. మెయిల్‌లో క్రియగా రాస్తే ‘లాగ్ ఇన్’ రెండు ముక్కలు, పేజీనో పాస్‌వర్డ్‌నో చెప్పేటప్పుడు ‘లాగిన్’ ఒకే ముక్క. పెద్ద పెద్ద మేనేజర్లు కూడా దీన్ని పట్టించుకోవడం లేదు, మీరైనా పట్టించుకోండి.