పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: మోచేతి చాటు అంకె

ప్రశ్న: నేను ఇటలీలోని టురిన్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడి బాలోన్ పాత సామాన్ల సంతలో ఒక నలుపు తెలుపు ఫొటో కొన్నాను. పైకప్పు లేని రేసు కారును వెనుక నుంచి, కుడివైపుగా తీశారు. తలుపు మీద 42 అని కనిపిస్తోంది కానీ మూడో అంకెను డ్రైవరు మోచెయ్యి కప్పేసింది. వెనుక ప్లేటు మీద ‘ప్రోవా’, ‘ఎం.ఓ.’ అని ఉంది. ఫొటో వెనుక పెన్సిలుతో ‘మిల్లె మిలియా’ అని రాసి ఉంది, సంవత్సరం లేదు. ఎం.ఓ. అంటే మోదెనా కనుక ఇది ఫెరారీయేనని నా స్నేహితుడి వాదన. ఈ కారు చరిత్ర తెలుసుకోవడం సాధ్యమా?

జవాబు: సాధ్యమే కానీ, మీ స్నేహితుడు పట్టుకున్న ఆధారమే అన్నిటికన్నా బలహీనమైనది. ఎం.ఓ. మోదెనా జిల్లా గుర్తు అన్న మాట నిజమే. అయితే ఫెరారీ ఉన్న మరనెల్లో ఆ జిల్లాలోనిదే, మసెరాటి కర్మాగారం ఉన్నదీ మోదెనాలోనే. పైగా ‘ప్రోవా’ అంటే పరీక్ష అని అర్థం; మన డీలర్లు ఇంకా రిజిస్టరు కాని బండ్లకు తగిలించే ట్రేడ్ ప్లేటు లాంటిది అది. ఈ వారం ఒక కారుకు ఉన్న ప్లేటు వచ్చే వారం ఇంకో కారు మీద కనిపించవచ్చు కనుక, దాన్ని నమ్మి కారు పేరు చెప్పడం అద్దె చొక్కాను చూసి మనిషిని పోల్చడమే అవుతుంది.

తలుపు మీది అంకెలు ఎక్కువ ఉపయోగపడతాయి. బ్రెషా నుంచి రోముకు వెళ్ళి తిరిగి బ్రెషాకు వచ్చే మిల్లె మిలియా కార్ల పందెంలో, 1950లలో కారు నంబరే అది బయలుదేరిన సమయం. 1955లో స్టిర్లింగ్ మాస్ గెలిచిన మెర్సిడెస్ నంబరు 722, అంటే ఉదయం 7 గంటల 22 నిమిషాలు. 1957లో గెలిచిన తరుఫీ ఫెరారీ నంబరు 535. ఆ లెక్కన మీ కారు 4:20కీ 4:29కీ మధ్య బయలుదేరింది. కార్లను నిమిషానికి ఒకటి చొప్పున వదిలేవారు కనుక, మోచేతి చాటున ఏ అంకె ఉన్నా, ఏడాదికి పది కార్లకు మించి వెదకనక్కరలేదు. చిక్కల్లా ఆ ఏడాది ఏదన్నదే. 1955లో జాన్ ఫిచ్ నడిపిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ నంబరు 417, 1957లో మూడో స్థానంలో వచ్చిన ఫెరారీ 250 జీటీ నంబరు కూడా 417.

కాబట్టి కాసేపు రేసు కారును వదిలి, భూతద్దంతో దాని వెనుక ఉన్న వీధిని చూడండి. జనం మధ్య ఎక్కడైనా ఫియట్ 600 ఆగి ఉంటే ఫొటో 1955 కన్నా పాతది కాదు, ఎందుకంటే ఆ బండి విడుదలైంది ఆ ఏడాది మార్చిలో. గుండ్రటి చిన్న ఫియట్ నువోవా 500 కనిపిస్తే మాత్రం పెన్సిలు రాతనే అనుమానించాలి: ఆ కారు 1957 జులైలో వచ్చింది, మిల్లె మిలియా రోడ్డు పందెం ఆ మే 12నే చివరిసారిగా జరిగింది. గోడ మీది పోస్టరు, దుకాణం బోర్డు ఊరి పేరు పట్టిస్తాయి.

ఏడాది తేలాక ఆనాటి పోటీదారుల పట్టికలోని పది పేర్లను కారు ఒంటితో పోల్చాలి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం ఇదే. అప్పటి రేసు కార్ల అల్యూమినియం రేకును సుత్తితో చేత్తోనే మలిచేవారు కాబట్టి, ఒకే నమూనా కార్లు రెండు అచ్చంగా ఒకేలా ఉండవు. పెట్రోలు మూత ఏ పక్క ఉంది, వెనుక దీపాలు ఎంత ఎత్తులో ఉన్నాయి, గాలి చీలికలు ఎన్ని, రివెట్ల వరుస ఎక్కడ ఆగింది అన్నవి రాసుకోండి. ఆ తరవాత అదే పందెం ముందు రోజుల్లో, బ్రెషాలోని పియాత్సా వితోరియాలో కార్లను తనిఖీ చేస్తున్నప్పుడు తీసిన ఫొటోలతో పోల్చండి. అంతకుముందు సీజను ఫొటోతో పోలిస్తే మోసపోతారు. గుద్దుకున్న కారుకు మూతి మార్చి మళ్ళీ పందేనికి పంపడం అప్పట్లో మామూలు.

ఎవరి చేతికి వెళ్ళిందన్నది వేరే సంగతి. రేసుల తరవాత కారుకు మామూలు ఇటాలియన్ నంబరు వచ్చి ఉంటే, 1927 నుంచి నడుస్తున్న పీఆర్‌ఏ అనే ప్రభుత్వ వాహన రిజిస్టరులో యజమానుల వరుస దొరికే అవకాశం ఉంది. అయితే వేరే జిల్లా వాడు కొంటే ఆ రోజుల్లో నంబరే మారిపోయేది.

ప్రశ్న: అదే ఫొటోలో స్టీరింగు కుడివైపు ఉంది. ఇటలీలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కదా, నెగటివును తిరగేసి ముద్రించారా? కారు నల్లగా కనిపిస్తోంది, అది ఎరుపేనా?

జవాబు: ప్లేటు మీది అక్షరాలు తిన్నగా చదవగలిగారంటే నెగటివు తిరగబడలేదు. ఇటాలియన్ రేసు కార్లకు కుడి స్టీరింగు ఉండటం సాధారణమే. లాంచియా 1950లో తెచ్చిన ఔరేలియా లాంటి రోడ్డు కార్లను కూడా మొదట అలాగే చేసింది. రంగు మాత్రం ఈ ఫొటోతో తేలదు. ఎరుపును గ్రహించని పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద ఎర్ర కారు దాదాపు నల్లగా పడుతుంది, అన్ని రంగులనూ గ్రహించే పాంక్రోమాటిక్ ఫిల్ము మీద అదే కారు బూడిద రంగులో పడుతుంది. ఫొటో వెనుక స్టూడియో ముద్ర ఏమైనా ఉంటే దాన్నీ స్కాన్ చేసి పంపండి, కానీ దాని పక్కన పెన్నుతో ఏమీ రాయకండి.