టెక్ సందేహాలు: నలుపు తెలుపు ప్రింట్లు, పెన్‌డ్రైవ్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్

రాజమహేంద్రవరంలో ఫోటో స్టూడియో నడుపుతున్న ఒక పాఠకుడు ఇలా రాశారు: "పాత కుటుంబ ఫోటోలను స్కాన్ చేసి, నలుపు తెలుపులో ప్రింట్ చేసి ఇస్తుంటాను. షాపులో ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉన్న ప్రింటు ఎండ వెలుగులో ఆకుపచ్చగా కనిపిస్తోందని కస్టమర్లు తిరిగి తెస్తున్నారు. ప్రింటరుతో వచ్చిన డ్రైవర్‌కు బదులు వాడమని మిత్రుడొకరు రిప్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని అందులోని సూచనల్లో ఉంది. చేయవచ్చా?" ఊళ్లు మారుతున్నాయి గానీ, ఇదే ప్రశ్న నాకు పదేపదే వస్తోంది.

చేయవద్దు. రిప్ అంటే, డ్రైవర్‌కు బదులు ప్రింటరులో ఏ ఇంకు ఎక్కడ ఎంత పడాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్. ఆ పెన్‌డ్రైవ్ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ ఆకుపచ్చ ఛాయ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

సాధారణ ఇంక్‌జెట్ బూడిదరంగును నల్ల ఇంకుతో మాత్రమే తయారు చేయదు. సయాన్, మెజెంటా, పసుపు ఇంకులను తగిన పాళ్లలో కలిపి కంటికి బూడిదరంగులా కనిపించేలా చేస్తుంది, ఆ మిశ్రమం ఒక వెలుగులో కుదిరినా మరో వెలుగులో కుదరకపోవచ్చు. డ్రైవర్‌లో గ్రేస్కేల్ ఎంచుకుంటే రంగు ఇంకులు ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు, కానీ ఫోటో పేపర్ ఎంచుకున్నప్పుడు చాలా డ్రైవర్లు వాటిని వాడుతూనే ఉంటాయి. పోనీ నల్ల ఇంకు ఒక్కదానితోనే ప్రింట్ చేయించినా, లేత భాగాల్లో చుక్కలు దూరదూరంగా పడి, తాతగారి తెల్లపంచె మడతల మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి.

ఈ రెండు ఇబ్బందులనూ తప్పించేవి గ్రే ఇంకులే. నలుపుతో పాటు ఒకటి రెండు గ్రే ఇంకులున్న ఫోటో ప్రింటర్లలో వేరే సాఫ్ట్‌వేర్‌తో నిజమైన ప్రయోజనం ఉంటుంది. రాయ్ హారింగ్టన్ రూపొందించిన క్వాడ్‌టోన్ రిప్ ఇందుకు మంచి ఉదాహరణ. అది తయారీదారు డ్రైవర్‌ను పక్కన పెట్టి, ఏ ఛాయకు ఏ ఇంకు ఎంత పడాలో తానే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాలన్నీ కర్వ్ అనే ఫైల్‌లో ఉంటాయి కాబట్టి మనం వాటిని తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు, వెచ్చని ఛాయనూ చల్లని ఛాయనూ కావలసిన పాళ్లలో కలుపుకోవచ్చు. అయితే పేపర్ మారిన ప్రతిసారీ శ్రమ తప్పదు. తెలుపు నుంచి నలుపు వరకు 21 మెట్లున్న పట్టీని ప్రింట్ చేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కొక్క మెట్టు సాంద్రతను, అంటే ఎంత ముదురుగా ఉందో, కొలిచి, మెట్ల మధ్య తేడాలు సమంగా వచ్చేలా కర్వ్‌ను సరిదిద్దాలి. ముదురు వైపు చివరి నాలుగైదు మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయంటే, ఆ పేపర్ భరించగలిగే దానికన్నా ఎక్కువ ఇంకు పడుతోందని అర్థం. ఆ పరిమితిని తగ్గించకుండా మిగతా సర్దుబాట్లు ఎన్ని చేసినా నల్లని జుట్టులో వివరాలు రావు.

పాఠకుడి దగ్గరున్నది ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్. అందులో అదనంగా ఉన్నవి లేత సయాన్, లేత మెజెంటా మాత్రమే. గ్రే ఇంకు లేదు. యంత్రంలో లేని ఇంకును ఏ సాఫ్ట్‌వేరూ సృష్టించలేదు. రంగు ఇంకులన్నీ తీసేసి, వాటి స్థానంలో వేర్వేరు సాంద్రతల గ్రే ఇంకులు నింపే పద్ధతి ఉంది. అమెరికాలో జాన్ కోన్ రూపొందించిన పీజోగ్రఫీ ఆ మార్గంలో పేరుపొందింది. కానీ ఆ ప్రింటరుతో ఇక రంగు ఫోటోలు తీయలేరు. పాస్‌పోర్ట్ ఫోటోలు కూడా అదే ప్రింటరు మీద తీసే స్టూడియోకు ఇది మొదటికే మోసం. ఆయనకు నా సలహా: వాడే ఇంకుకూ పేపరుకూ సరిపడే ప్రొఫైల్ (రంగులు సరిగ్గా వచ్చేలా చేసే ఫైల్) చేయించుకుని, ప్రింటును ట్యూబ్‌లైట్ కింద మాత్రమే కాక గుమ్మం దగ్గర పగటి వెలుగులో కూడా చూసి, లేత వెచ్చని ఛాయ ఇచ్చి ప్రింట్ చేయాలి. తటస్థమైన బూడిదరంగులో కొట్టొచ్చినట్టు కనబడే తేడా లేత గోధుమ ఛాయలో అంతగా కనబడదు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఇదే. ప్రింటర్ డ్రైవర్ మామూలు ప్రోగ్రాం లాంటిది కాదు. విండోస్‌లో ప్రింట్ పనులను వరుసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్ అనే సేవ అత్యున్నత అధికారాలతో నడుస్తుంది, డ్రైవర్ ఫైళ్లు దానిలోకే చేరతాయి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ వ్యాపించిన దారుల్లో స్పూలర్ లోపం ఒకటి. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడినప్పుడు అత్యవసరంగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది, ఆ తర్వాతే నెట్‌వర్క్ ప్రింటర్ల డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేయడానికి కూడా అడ్మిన్ అనుమతిని తప్పనిసరి చేశారు. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా వాడేలా ఎవరో మార్చిన, ఇలాంటి రిప్‌కు ఆ అనుమతిని మనమే ఇస్తున్నాం, పైగా కాపలాగా ఉన్న యాంటీవైరస్‌ను కూడా మనమే ఆపుతున్నాం. వేస్ట్ ఇంక్ ప్యాడ్ (వృథా ఇంకును పీల్చుకునే మెత్త) కౌంటర్‌ను సున్నా చేయడానికి చేతులు మారుతుండే రీసెటర్ ప్రోగ్రాంలదీ ఇదే కథ. అదే కంప్యూటరులో కస్టమర్ల ఆధార్ కార్డుల స్కాన్‌లు, పెళ్లి ఆల్బములు, షాపు బ్యాంకు లాగిన్ ఉంటాయి. క్వాడ్‌టోన్ రిప్ షేర్‌వేర్. ముందు ప్రయత్నించి చూసి, నచ్చితే 50 డాలర్లు చెల్లించేలా రచయితే తన సైట్‌లో ఉంచారు. దాన్ని వదిలేసి ఎవరు ఏం మార్చారో తెలియని నకలును ఇన్‌స్టాల్ చేయడం నాకు మింగుడుపడదు. ఇప్పటికే చేసి ఉంటే, ఆ ఫోల్డర్‌ను తీసేసినంత మాత్రాన సరిపోదు. ఫోటోలను మాత్రమే బ్యాకప్ తీసుకుని, విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే పరికరం నుంచి మార్చండి.

తయారీదారుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ప్రింటరు కొన్నవాడికి ఏ ఇంకు ఎంత పడుతోందో చూపించని డ్రైవర్, గ్రేస్కేల్ అని పేరు పెట్టి రంగు ఇంకులు వాడే ఆప్షన్, పేపర్ రకానికి అర్థంకాని పేర్లు: ఇవన్నీ కలిసే మనుషులను ఆ పెన్‌డ్రైవ్‌ల దగ్గరికి తోస్తున్నాయి.

హైదరాబాద్ పాఠకురాలి ప్రశ్న దీనికి దగ్గరిదే: విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక ప్రింటరు దానంతట అదే కనెక్ట్ అయింది గానీ, రంగు లేదా నలుపు తెలుపు అనే ఎంపిక తప్ప పాత ఫోటో సెట్టింగులు కనిపించడం లేదట. విండోస్ తన సాధారణ డ్రైవర్‌ను తగిలించింది. ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించడాన్ని దశలవారీగా మానేస్తామని 2023లోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది కాబట్టి, ఇలాంటివి ఇకపై పెరుగుతాయి. ప్రింటర్ల జాబితాలోంచి దాన్ని తొలగించి, తయారీదారు సైట్ నుంచి పూర్తి డ్రైవర్ ప్యాకేజీ దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. ఆ ఇన్‌స్టాలర్ ఫైల్‌ను, మీరు వాడే కర్వ్‌లనూ ప్రొఫైల్‌లనూ కలిపి ఒకచోట భద్రపరుచుకోండి.