స్టారీ నైట్ చేతి కాపీ కొనేటప్పుడు చూడాల్సింది రంగు మందం

అడిగింది ఇదీ: ఆరడుగుల సోఫా పైన వాన్ గో 'స్టారీ నైట్' పెట్టుకోవాలి, ప్రింటు వద్దు, చేత్తో వేసిందే కావాలి. ఏ సైజు, ఆయిలా ఆక్రిలిక్కా, కాన్వాస్ చుట్టి కొరియర్‌లో పంపుతామంటే ఒప్పుకోవచ్చా?

చుట్టి పంపడానికి ఒప్పుకోకండి. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే కాబట్టి ముందు ఈ మాట. ఈ బొమ్మలో ఆకాశం తిరుగుతున్నట్టు కనిపించేది గట్లు గట్లుగా నిలిచిన రంగు వల్ల. కాన్వాస్ వంగితే ఆ గట్లు వంగవు, నెర్రెలు బారతాయి. ఆయిల్ రంగు పైన పొర కట్టినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది, చుట్టలో ఒకదానికొకటి అంటుకుంటుంది కూడా. చట్రానికి బిగించి, చెక్కపెట్టెలో నిలువుగా పంపమనండి. బబుల్ రాప్ రంగుకు నేరుగా తగలకూడదు, గుండ్రటి అచ్చులు పడి మళ్లీ పోవు. చుట్టక తప్పకపోతే రంగు బయటివైపు ఉండేలా, కనీసం ఆరంగుళాల వ్యాసమున్న గొట్టం మీద చుట్టాలి, వచ్చిన రోజే విప్పాలి.

సైజు. అసలు బొమ్మ 1889 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో వేసింది, ఇప్పుడు న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఉంది. కొలత 73.7 × 92.1 సెంటీమీటర్లు, అంటే సుమారు 29 × 36 అంగుళాలు. దాదాపు 4:5 నిష్పత్తి. 24 × 30, 32 × 40 సరిపోతాయి. దుకాణాల్లో ఎక్కువగా చూపించే 24 × 36 సరిపోదు, ఎత్తులో ఐదంగుళాలు తగ్గుతుంది. పైన కోస్తే సైప్రస్ చెట్టు కొస తెగుతుంది, కింద కోస్తే ఊరు పోతుంది, కోయకుండా సాగదీస్తే చంద్రుడి చుట్టూ వెలుగు కోడిగుడ్డులా అవుతుంది.

సోఫా పొడవులో మూడింట రెండొంతులు ఉండాలనే లెక్క పట్టుకుంటే 48 అంగుళాల బొమ్మ కావాలి. ఈ ఒక్క బొమ్మకు ఆ లెక్క వదిలేయమంటాను. అంత పెంచితే ప్రతి కుంచె గీతా మూడో వంతు పెద్దదవ్వాలి, రంగూ అంతే మందం కావాలి. చాలామంది చిత్రకారులు పాత కుంచెతోనే గీతల సంఖ్య పెంచి నింపేస్తారు, ఆకాశం దువ్విన జుట్టులా తయారవుతుంది. అసలు సైజే తీసుకుని, సోఫా వీపుకు ఆరేడు అంగుళాల పైన పెట్టండి, గోడ బోసిగా అనిపించదు.

ఆయిలే మేలు. ఆక్రిలిక్‌లో నీరు ఆవిరయ్యాక గట్లు కుంగుతాయి, రంగు కాస్త ముదురుతుంది. పైపెచ్చు దుమ్ము పట్టుకుంటుంది. త్వరగా కావాలంటే హెవీ బాడీ (చిక్కటి రకం) ఆక్రిలిక్‌లో, మందం పెంచే జెల్ కలిపి వేయించుకోవచ్చు, కానీ ఆ తేడా దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ఎంత రంగు పడుతుందో లెక్క వేసి చూడండి. అసలు సైజు వైశాల్యం దాదాపు 6,800 చదరపు సెంటీమీటర్లు. సగటున అర మిల్లీమీటర్ మందం వేసినా 340 మిల్లీలీటర్లు, అంటే 40 మిల్లీలీటర్ల ట్యూబులు ఎనిమిదో తొమ్మిదో. అందులో ఎక్కువ భాగం తెలుపు, అల్ట్రామెరైన్, కోబాల్ట్ బ్లూ అనే రెండు నీలాలు. ధర మరీ తక్కువ చెప్తే కోత పడేది ఈ రంగులోనే.

వేసేవాళ్లను అడగాల్సిన ముఖ్యమైన సంగతి, గీతను ఒకసారి పెట్టి వదిలేస్తారా, దిద్దుతారా అని. గరుకు పంది వెంట్రుకల కుంచెతో రంగు తీసి, ఒక్క ఊపులో పెట్టి, చెయ్యి తీసేయాలి. మెత్తటి కుంచెతో కలిపేస్తే నీలం, పసుపు కలిసి బురద పచ్చ అవుతుంది, గట్టు అణిగిపోతుంది. గీతల దిక్కు కూడా చూడండి: ఆకాశంలో సుడి వెంట, చెట్టులో పైకి ఎగబాకుతూ, ఇళ్లకు పొట్టిగా, తిన్నగా. చెట్టును నల్లరంగుతో నింపేసి ఉంటే ఆ చేతికి ఆర్డర్ ఇవ్వకండి. అసలులో అది ముదురు ఆకుపచ్చలూ గోధుమరంగూ అల్లుకున్న జడ.

డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు మూడు ఫోటోలు తెప్పించుకోండి: ఎదురుగా ఒకటి, వెనకవైపు ఒకటి, చీకటి గదిలో పక్కనుంచి టార్చి వేసి ఒకటి. అన్నిటికన్నా పనికొచ్చేది మూడోది. ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసి చేతిపని అని అమ్మేవాటిలో గట్టు ఒకచోట, రంగు అంచు మరోచోట ఉంటాయి. భూతద్దంలో ప్రింటు చుక్కలూ కనిపిస్తాయి.

మందం కావాలనేది అన్ని బొమ్మలకూ వర్తించదు. నార్వే చిత్రకారుడు మంక్ వేసిన 'స్క్రీమ్' 1893 ప్రతి అట్ట మీద ఆయిల్, టెంపెరా (గుడ్డుసొన లాంటి జిగురుతో కలిపే రంగు), పాస్టెల్ (రంగు సుద్ద)తో పలచగా వేసింది. దాన్ని గట్లు పెట్టి, మెరిసే వార్నిష్ కొట్టి అమ్మితే అది వేరే బొమ్మ. పికాసో కాపీ అడిగితే హక్కుల చిక్కు ఉంది: మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది, పికాసో పోయింది 1973లో. వాన్ గో 1890లోనే పోయాడు కాబట్టి ఇబ్బంది లేదు. కాపీ వేసినవారి పేరు, తేదీ వెనక రాయించుకోండి.

ఇంటికొచ్చాక చివరి వార్నిష్‌కు తొందరపడకండి, ఇంత మందానికి ఏడాది ఆగడం మంచిది. ఈలోగా గుడ్డకట్టి అటక మీద పెట్టొద్దు, వెలుతురు లేకపోతే నూనె పసుపెక్కుతుంది. అద్దం అక్కర్లేదు. వానాకాలం చెమ్మెక్కే బయటిగోడ అయితే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో, చట్రం నాలుగు మూలల వెనక అరంగుళం కార్కు ముక్కలు అంటించి గాలి ఆడనివ్వండి, లేకపోతే కాన్వాస్ వెనక బూజు పడుతుంది. దేవుడి గది ఎదురు గోడ వద్దు, సాంబ్రాణి పొగ గట్ల సందుల్లో చేరితే తీయలేం. తడిగుడ్డ అసలు తగలనివ్వకండి, నెలకోసారి మెత్తటి పొడి కుంచెతో దులిపితే చాలు. దీపం నేరుగా ఎదురుగా కాకుండా పైనుంచి 30 డిగ్రీల వాలులో పెట్టండి, అప్పుడే గట్ల నీడలు పడతాయి.